పొరుగింటి పుల్లకూర

శ్రోతలందరికీ నమస్కారం.

ఇంటి కూర కన్నా పొరుగింటి పుల్లకూర రుచి అంటాం. ఆ మాటను మనం ఎగతాళికే వాడతాం. ఇవాళ నేను చెప్పబోయే మనిషి విషయంలో మాత్రం రుచి కనిపెట్టింది పొరుగువాళ్ళే. ఇంటివాళ్ళు గిన్నె మీద మూత కూడా తీయలేదు. అతని పేరు జాక్ చార్ల్టన్. ఇంగ్లండు ఫుట్‌బాల్ జట్టులో ఆడి ప్రపంచ కప్పు గెలిచాడు, తర్వాత ఐర్లండుకు కోచ్‌గా వెళ్ళి వాళ్ళ మనిషైపోయాడు.

ఇంగ్లండు ఈశాన్య కొసన, నార్తంబర్లండ్‌లో ఆషింగ్టన్ అని ఒక బొగ్గుగనుల ఊరు. 1935 మే 8న జాక్ అక్కడే పుట్టాడు. తండ్రి బాబ్ బొగ్గుబాయిలో కార్మికుడు. తల్లి సిస్సీ పుట్టింటివాళ్ళది ఫుట్‌బాల్ కుటుంబం, మేనమామలు నలుగురూ ఆటతోనే బతికినవాళ్ళు. పిల్లలకు బంతి తన్నడం నేర్పడంలో తల్లి చేయి ఎక్కువని చెబుతారు. జాక్ కన్నా రెండేళ్ళు చిన్న తమ్ముడు బాబీ. ఊళ్ళో అందరి కళ్ళూ ఆ చిన్నవాడి మీదే ఉండేవి. జాక్ పొడుగ్గా, మెడ సాచుకుని ఉండేవాడు. తర్వాత జిరాఫీ అనే పేరు పడింది కూడా.

పదిహేనేళ్ళకు చదువు మానేసి జాక్ కూడా బాయిలోకి దిగాడు. కిందికి దిగిన మనిషి పైకొచ్చే దాకా ఇంట్లోవాళ్ళ ప్రాణం ఎక్కడుంటుందో సింగరేణి వైపు శ్రోతలకు నేను చెప్పక్కర్లేదు. కొద్ది రోజుల్లోనే ఈ పని నావల్ల కాదని జాక్ నోటీసు ఇచ్చేశాడు. పోలీసు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాడు. ఆ ఇంటర్వ్యూకీ, లీడ్స్ యునైటెడ్ క్లబ్బు పెట్టిన ట్రయల్ మ్యాచికీ ఒకే రోజు పడింది. కుర్రాడు మ్యాచికి వెళ్ళాడు. ఆ తర్వాత 1973లో ఆట మానేసే దాకా మరో క్లబ్బు గడప తొక్కలేదు. ఇరవయ్యేళ్ళకు పైగా ఒకే చొక్కా, 773 మ్యాచులు. ఆ క్లబ్బులో అంతకన్నా ఎక్కువ ఆడినవాళ్ళు లేరు. లీగు, ఎఫ్‌ఏ కప్పు కూడా గెలిచారు, ఆ జాబితా ఇప్పుడు చదవను.

తమ్ముడు బాబీ ఇరవయ్యేళ్ళకే దేశం మొత్తానికీ ముద్దుబిడ్డ. అన్నకు ఇంగ్లండు జట్టు నుంచి పిలుపు వచ్చేసరికి ముప్పయ్యో ఏడు దగ్గర పడింది. 1965లో స్కాట్లండు మీద మొదటి మ్యాచి. నన్నెందుకు తీసుకున్నారని తర్వాత ఒకసారి కోచ్ ఆల్ఫ్ రామ్సేనే అడిగాడు జాక్. నేనెప్పుడూ అందరికన్నా గొప్పవాళ్ళను వెతకను, నా పద్ధతికి సరిపోయేవాళ్ళను తీసుకుంటాను అన్న అర్థం వచ్చేలా ఆయన జవాబిచ్చాడు. మరొకరైతే నొచ్చుకునేవారు. జాక్ ఆ మాటను మూట గట్టుకున్నాడు. మూట విప్పింది ఇరవయ్యేళ్ళ తర్వాత.

1966 ప్రపంచ కప్పు ఇంగ్లండులోనే, ఇంగ్లండు మ్యాచులన్నీ లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో. సెమీఫైనల్లో పోర్చుగల్ మీద ఇంగ్లండు కొట్టిన రెండు గోల్సూ బాబీవే. డిఫెండరైన అన్న జాక్, జట్టు వెనక గోడలా నిలబడ్డాడు. ఆ మ్యాచి జరుగుతున్నప్పుడు వాళ్ళ నాన్న ఎక్కడున్నాడనుకున్నారు? షిఫ్టు ఉందని బాయిలోకి దిగాడు. ఇద్దరు కొడుకులు ప్రపంచ కప్పు సెమీఫైనల్లో ఆడుతుంటే భూమి కింద బొగ్గు తవ్వుతున్న తండ్రి! ఈ సంగతి నాకు ఆ ఫైనలు కన్నా పెద్దదనిపిస్తుంది. ఫైనల్లో పశ్చిమ జర్మనీని 4-2తో ఓడించారు. ఆట ముగిసిన ఈల మోగగానే జాక్ మోకాళ్ళ మీద కూలబడిపోయాడు.

ఆట మానేశాక మిడిల్స్‌బరో క్లబ్బుకు మేనేజరు, అంటే కోచ్, అయ్యాడు. మొదటి ఏడాదే, గెలుపుకు రెండే పాయింట్లిచ్చే ఆ కాలంలో, రెండో స్థానంలో నిలిచిన జట్టు కన్నా 15 పాయింట్ల ముందుండి ఇంగ్లండు లీగులో రెండో డివిజన్ గెలిపించాడు. తర్వాత షెఫీల్డ్ వెన్స్‌డే క్లబ్బు, ఆ తర్వాత న్యూకాజిల్ క్లబ్బు. 1977లో ఇంగ్లండు కోచ్ పదవి ఖాళీ అయితే దరఖాస్తు పంపాడు. ప్రపంచ కప్పు గెలిపించిన మనిషికి కాదనైనా జవాబు రాలేదు. మళ్ళీ జన్మలో అడగను అనుకున్నాడు.

1986లో ఐర్లండు పిలిచింది. వందల ఏళ్ళు ఇంగ్లండు ఏలుబడిలో నలిగి, 1922లో వేరుపడిన దేశం. ఇంగ్లీషువాడిని కోచ్‌గా తెస్తే ఊరుకుంటారా? బ్రిటిష్ జెండాను యూనియన్ జాక్ అంటారు కదా, 'యూనియన్ జాక్, ఇంటికి పో' అని స్టేడియంలో బ్యానరు కట్టారు. మొదటి మ్యాచి వేల్స్ చేతిలో ఓడిపోయారు కూడా.

అప్పుడు విప్పాడు రామ్సే ఇచ్చిన మూట. ఐర్లండు అప్పటికి ఒక్క పెద్ద టోర్నమెంటుకూ అర్హత సాధించలేదు. బంతిని ఎదుటివాళ్ళ డిఫెండర్ల వెనక్కి పొడుగ్గా కొట్టండి, వాళ్ళు వెనక్కి తిరిగేలోగా మీద పడండి. ఇంతే పాఠం. ఇంగ్లండులో, స్కాట్లండులో పుట్టినా అమ్మమ్మో తాతో ఐరిష్ అయితే వాళ్ళు ఐర్లండుకు ఆడొచ్చు. ఆ నిబంధనను జాక్ వాడినంతగా మరెవరూ వాడలేదేమో. అంత వెతికి తెచ్చుకున్నవాళ్ళ పేర్లు మాత్రం గుర్తుండేవి కావు. తన జట్టు ఆటగాడు పాల్ మెక్‌గ్రాత్‌ను జేమ్స్ అని పిలిచేవాడు.

1988 జూన్ 12, స్టుట్‌గార్ట్. యూరో కప్పులో ఐర్లండు మొదటి మ్యాచి ఇంగ్లండుతోనే పడింది. ఆరో నిమిషంలో రే హౌటన్ తలతో గోల్ కొట్టాడు. హౌటన్ పుట్టింది స్కాట్లండులోని గ్లాస్గోలో! మిగతా ఎనభై నాలుగు నిమిషాలూ గోలు పడకుండా కాచుకుని 1-0తో గెలిచారు. ఆ రోజు ఇంగ్లండు కోచ్ బాబీ రాబ్సన్ కూడా ఈశాన్యపు బొగ్గు కార్మికుడి కొడుకే.

1990లో ఇటలీలో ప్రపంచ కప్పు. ఐదు మ్యాచుల్లో ఐర్లండు కొట్టినవి రెండే గోల్స్. మామూలు సమయంలో ఒక్క మ్యాచీ గెలవకుండానే క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళింది! చూడ్డానికి అందమైన ఆట కాదు, ఐర్లండులోనే తిట్టినవాళ్ళున్నారు. బంతితో కళ చూపే లియామ్ బ్రేడీలాంటి ఆటగాడికి ఆ పద్ధతిలో చోటు దొరకలేదు. ఒక స్నేహపూర్వక మ్యాచిలో సగం ఆట కూడా కాకముందే అతన్ని బయటికి పిలిచేశాడు. బ్రేడీ విషయంలో జాక్ తప్పే చేశాడని నా అభిప్రాయం. ఆ ప్రపంచ కప్పులో రొమేనియాతో మ్యాచి సమంగా ముగిసి పెనాల్టీల దాకా వెళ్ళింది. గోల్‌కీపర్ ప్యాకీ బానర్ ఒకటి ఆపాడు. ఆఖరి తన్ను తన్ని గెలిపించింది డేవిడ్ ఓలీరీ. మొదట్లో రెండేళ్ళకు పైగా జాక్ పక్కన పెట్టేసిన మనిషి అతను. తర్వాత రోమ్‌లో ఇటలీ చేతిలో 1-0తో ఓడిపోయారు. 1994లో అదే ఇటలీని అమెరికాలో 1-0తో కొట్టారు, మళ్ళీ హౌటనే.

ఐర్లండులో అతను బిల్లుకు చెక్కు రాసిస్తే హోటలు వాళ్ళు దాన్ని బ్యాంకులో వేసేవాళ్ళు కాదట, సంతకం కోసం ఫ్రేము కట్టించుకునేవాళ్ళట. తీరిక దొరికితే గాలం పట్టుకుని నది ఒడ్డుకు పోయేవాడు. కోర్క్ విమానాశ్రయంలో ఉన్న విగ్రహం కూడా చేపలు పట్టే జాక్‌దే. ఐర్లండు అతనికి గౌరవ పౌరసత్వం ఇచ్చింది. 2020 జులై 10న, 85 ఏళ్ళ వయసులో పోయాడు. శవయాత్ర ఆషింగ్టన్ మీదుగా సాగితే కోవిడ్ రోజుల్లో కూడా జనం వీధుల పొడవునా నిలబడ్డారు.

కోచ్‌గా ఆఖరి మ్యాచి 1995 డిసెంబరులో, ఇంగ్లండు గడ్డ మీదే, లివర్‌పూల్‌లోని ఆన్‌ఫీల్డ్ స్టేడియంలో. నెదర్లాండ్స్ చేతిలో 2-0తో ఓటమి, యూరో కప్పు ఆశ పోయింది. ఆట అయిపోయినా ఐరిష్ జనం కదల్లేదు, నిలబడి పాడుతూనే ఉన్నారు. లోపలికి వెళ్ళిపోయిన జాక్ ఆ పాట విని మళ్ళీ మైదానంలోకి వచ్చి చేయి ఊపాడు.

నమస్కారం.