జన్యువు చెడితే క్యాన్సర్ వచ్చినట్టేనా?

నమస్కారం. జన్యువు చెడుతుంది, కణం అదుపు తప్పుతుంది, కణితి పుడుతుంది. క్యాన్సర్ గురించి మనం వింటూ వచ్చిన కథ ఇదే. అబద్ధం కాదు గానీ, సగమే.

2015లో బ్రిటన్‌లోని సాంగర్ సంస్థ శాస్త్రవేత్తలు నలుగురి కనురెప్పల చర్మాన్ని పరీక్షించారు. వాలిన రెప్పలను సరిచేసే శస్త్రచికిత్సలో కత్తిరించి తీసిన ముక్కలవి. అంతా ఆరోగ్యకరమైన చర్మమే. అయినా దాదాపు నాలుగో వంతు కణాల్లో క్యాన్సర్‌కు దారితీసే జన్యు మార్పులు బయటపడ్డాయి! ఎండ తగిలే చోటు కదా, మార్పులు ఉండటంలో వింత లేదు. అన్ని మార్పులు మోస్తూ కూడా ఆ చర్మం బుద్ధిగా తన పని తాను చేసుకుపోవడమే వింత.

మరి కణితిని లేపేదేమిటి? దీనికి జవాబు 1947 నాటికే సగం దొరికింది. బెరెన్‌బ్లమ్, షూబిక్ అనే ఇద్దరు ఎలుకల చర్మానికి క్యాన్సర్ కారక రసాయనాన్ని కొద్దిగా, ఒక్కసారి పూశారు. ఏమీ కాలేదు. ఆ తర్వాత అదే చోట నేపాళం నూనె పదేపదే రాశారు. కణితులు లేచాయి. నెలల తరబడి ఆగి రాసినా లేచాయి. ముందు నూనె, తర్వాత రసాయనం అయితే మాత్రం లేవలేదు. నూనె జన్యువును ముట్టుకోదు. మంట పుట్టించి, వాపు తెస్తుంది, అంతే.

ఇదంతా చాలాకాలం ఎలుకల ముచ్చటగానే ఉండిపోయింది. 2023లో బ్రిటన్ క్యాన్సర్ పరిశోధకుడు చార్ల్స్ స్వాంటన్ బృందం దాన్ని మన ఊపిరితిత్తుల దాకా తెచ్చింది. గాలిలోని 2.5 మైక్రాన్లలోపు ధూళి లోపలికి వెళ్లగానే మాక్రోఫేజ్‌లనే రక్షక కణాలు ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే, వాపు రేపే ప్రోటీన్‌ను విడుదల చేస్తాయి. పక్కనే ఈజీఎఫ్‌ఆర్ అనే, కణం పెరుగుదలను నడిపే జన్యువు మారిన కణం మౌనంగా ఉంటే, ఈ వాపు దాన్ని రెచ్చగొడుతుంది. ఎలుకల్లో ఆ ఇంటర్‌ల్యూకిన్‌ను యాంటీబాడీతో అడ్డుకుంటే కణితులు తగ్గాయి. పొగ తాగనివారికీ ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎందుకొస్తుందన్న ప్రశ్నకు ఇది గట్టి ఆధారం.

అయితే ఇంజెక్షన్‌తో ఆపేయవచ్చా? గుండెజబ్బు రోగులపై జరిపి, 2017లో ఫలితాలు వెలువరించిన మందు ప్రయోగం ఒకటి ఆశపెట్టింది. పది వేల మందికి పైగా పాల్గొన్న ఆ ప్రయోగంలో, ఇదే ఇంటర్‌ల్యూకిన్‌ను అడ్డుకునే కనకినుమాబ్ అనే ఇంజెక్షన్ తీసుకున్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా వచ్చింది. కానీ ప్రాణాంతక ఇన్ఫెక్షన్లు పెరిగాయి. ఆరోగ్యవంతులందరికీ ఇచ్చే మందు కాదిది. గాలిని అలాగే వదిలేసి మందు కోసం ఎదురుచూడటం నాకైతే తలకిందుల వ్యవహారంగా తోస్తుంది. మందే కావాలంటే, ఎవరి ఊపిరితిత్తుల్లో మారిన కణమూ వాపూ రెండూ జతకలిశాయో ముందే పసిగట్టే పరీక్ష కావాలి. పరిశోధకుల తంటా ఇప్పుడు దానికోసమే.