ఏటీఎంలో నోట్లు రాలేదు, ఖాతాలో డబ్బు కట్ అయింది: బ్యాంకు టెక్ ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి?

నమస్తే అండీ. శ్రీకాకుళం నుంచి మాట్లాడుతున్నాను. పెద్ద బ్యాంకుల్లో టెక్నాలజీ ఉద్యోగాలకు సిద్ధమవుతున్న మన జిల్లా పిల్లల కోసం ఈ వీడియో. ఐబీపీఎస్ (ప్రభుత్వ బ్యాంకుల ఉద్యోగాలకు పరీక్షలు పెట్టే సంస్థ) ద్వారా ఐటీ ఆఫీసర్ పోస్టుకి వెళ్లేవాళ్లు ముందు రాతపరీక్షలు దాటాలి, ఇంటర్వ్యూ ఆ తర్వాతే. ప్రైవేటు బ్యాంకుల దారి వేరు. ఎటు వెళ్లినా పనికొచ్చే ప్రశ్న ఒకటి చెబుతాను.

ఏడు రోడ్ల జంక్షన్‌లో ఒకాయన ఏటీఎంలో 5,000 కొట్టాడు. ఖాతాలో కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది, నోట్లు మాత్రం రాలేదు. ఏం జరిగి ఉంటుంది?

నా మొదటి ఇంటర్వ్యూలో దాదాపు ఇదే అడిగారు. "రోల్‌బ్యాక్ చేస్తే సరిపోతుంది సార్" అని ఆగిపోయాను. సెలెక్ట్ కాలేదు. ఆ జవాబులో తప్పేంటో చూడండి. రోల్‌బ్యాక్ అంటే చేసిన మార్పుని వెనక్కి తీసేయడం. అది డేటాబేస్ లోపల, కమిట్ అవ్వకముందు, అంటే మార్పు ఖాయం కాకముందు జరిగే పని. ఇక్కడ బ్యాంకు సర్వర్ డెబిట్ వేసి కమిట్ కూడా చేసేసింది. నోట్లు ఇవ్వాల్సిన మెషీనేమో జంక్షన్‌లో ఉంది.

అందుకే ముందు బోర్డు మీద దారి గీయండి. మెషీన్, స్విచ్ (మెసేజ్‌ని సరైన బ్యాంకుకి పంపే కంప్యూటర్), బ్యాంకు సర్వర్. వేరే బ్యాంకు కార్డయితే మధ్యలో ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు చూసే సంస్థ) నడిపే నెట్‌వర్క్ కూడా ఉంటుంది. ఇప్పుడు ఎక్కడ తెగితే ఏమవుతుందో ఒక్కొక్కటే చెప్పండి. వెళ్లేటప్పుడే తెగితే డబ్బు కట్ కాదు, గొడవ లేదు. సర్వర్ డెబిట్ వేశాక తిరుగు జవాబు దారిలో పోతే? మెషీన్ కాసేపు చూసి ఆపేస్తుంది, నోట్లు ఇవ్వదు. అప్పుడు సర్వర్‌కి రివర్సల్ మెసేజ్, అంటే కట్ చేసింది తిరిగి వేయమనే మెసేజ్ వెళ్లాలి. అదీ చేరకపోతే మళ్లీ పంపాలి.

"మళ్లీ పంపితే రెండుసార్లు జమ పడదా?" అని అడుగుతారు. కంగారు పడొద్దు. ప్రతి లావాదేవీకి రిఫరెన్స్ నంబర్ ఉంటుంది. ఆ నంబర్‌కి రివర్సల్ ఒకసారి పడి ఉంటే, రెండోది వచ్చినా సర్వర్ వేయకూడదు. దీన్ని ఐడెంపొటెన్సీ అంటారు. పేరు గుర్తు రాకపోయినా పరవాలేదు, విషయం చెప్పండి.

అప్పటికీ కొన్ని మిగిలిపోతాయి. వాటిని రీకన్సిలియేషన్‌లో పట్టుకుంటారు: మెషీన్ జర్నల్ (మెషీన్ రాసుకున్న రికార్డు), స్విచ్ లాగ్ (స్విచ్ రాసుకున్నది), బ్యాంకు ఖాతా పక్కపక్కన పెట్టి సరిచూస్తారు. 2019 సెప్టెంబర్‌లో ఆర్‌బీఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, ఇలాంటి ఏటీఎం డబ్బు 5 రోజుల్లోపు తిరిగి జమ కావాలి. దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున కస్టమర్‌కి ఇవ్వాలి. ఇది తప్పకుండా చెప్పండి. ఆమదాలవలస నుంచి బస్సెక్కి వచ్చిన మనిషికి ఆ 5,000 నెల మందుల డబ్బు కావచ్చు. అది గుర్తుంచుకుని కోడ్ రాసేవాళ్లే బ్యాంకుకి కావాలి.

ఉద్యోగంలో చేరాక కూడా ఇదే జాగ్రత్త. ఒకరు చేసిన మార్పుని ఇంకొకరు చూసి ఒప్పుకోవాలి, దాన్ని మేకర్-చెకర్ అంటారు. పెద్ద మార్పులు ఎక్కువగా రాత్రిళ్లు, రద్దీ లేని వేళల్లో పెడతారు.

ఇంగ్లిష్ గురించి టెన్షన్ ఉన్నవాళ్లు ముందు తెలుగులో వివరించడం అలవాటు చేసుకోండి. ఇప్పుడు వీడియో ఆపి కాగితం తీయండి. పలాసలో జీడిపప్పు కొట్టులో యూపీఐతో కట్టారు. మీకు కట్ అయింది, కొట్టాయనకి చేరలేదు. ఈసారి దారిలో రెండు బ్యాంకులున్నాయి. గీసి, ఎక్కడెక్కడ తెగొచ్చో ఇంట్లో అమ్మకి అర్థమయ్యేలా చెప్పండి.