తాళం తప్పాడా, తప్పించాడా?

వ్యాఖ్యాత: తర్వాతి కాల్ పర్లాకిమిడి నుంచి. నమస్కారమండీ, చెప్పండి.

శ్రోత: నమస్కారం బాబూ. మాస్టారికీ నమస్కారం. మాది భజన బృందం. మా గుంటడు డోలక్ వాయిస్తాడు. ఈమధ్య నేను తాళం వేసినచోట దెబ్బ వెయ్యడు, మధ్యలో వేస్తున్నాడు. అదేటిరా అంటే సింకోపేషన్ అంటాడు. మొన్న మా అత్తగారు కళ్లు తిరిగి పడిపోతే డాక్టరు చీటీలో సింకోపీ అని రాశారు. ఇదీ అదీ ఒకటేనేటండి?

మాస్టారు: (నవ్వు) చుట్టాలేనమ్మా. రెండూ ఒకే గ్రీకు మాట నుంచి వచ్చాయి. కత్తిరించడం అని అర్థం. అత్తగారికి ఎలా ఉంది?

శ్రోత: బాగున్నారండి. పక్కనే కూర్చుని వింటున్నారు.

మాస్టారు: మంచిది. చేత్తో రెండు దెబ్బలు వెయ్యండి. ఒక్కో దెబ్బకి నాలుగు అక్షరాలు. తకధిమి, తకధిమి.

శ్రోత: ఆ, కుదిరింది.

మాస్టారు: చెయ్యి మార్చకుండా ఇప్పుడు తకిట తకిట తక అనండి.

శ్రోత: తకిట... తకి... అయ్యో, రెండో దెబ్బ జారిపోతోందండి.

మాస్టారు: జారలేదు. మూడు, మూడు, రెండు, ఎనిమిదే కదా. రెండో దెబ్బ రెండో తకిటలో ‘కి’ మీద పడుతుంది. ఊనిక మాత్రం దాని ముందున్న ‘త’ మీద వినిపిస్తుంది. చేతికీ చెవికీ వచ్చే ఆ పేచీయే సింకోపేషన్. తాళం మొదలయ్యాక పాట అందుకోవడాన్ని మనవాళ్లు అనాగతం అంటారే, అది దీనికి దగ్గరి బంధువు. రెండూ ఒకటేనని మాత్రం నేననను.

వ్యాఖ్యాత: మరి భాషలో దీని పనేమిటండీ?

మాస్టారు: మాట మధ్యలో అచ్చు ఎగిరిపోతే దాన్నీ సింకోపీ అంటారు. ‘తెలుసు’ అని రాస్తాం, ‘తెల్సు’ అంటాం. గమ్మత్తు చూడండి. ‘తెలుసు’ మూడు లఘువులు, మూడు మాత్రలు. ‘లు’లో ఉకారం పోగానే ‘తె’ గురువైంది, రెండు మాత్రలు. ‘ల్సు’ ఒకటి. మళ్లీ మూడే! పిలిచాడు, పిల్చాడు కూడా అంతే, అయిదుకి అయిదు. అచ్చు పోయింది గానీ కాలం పోలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు మీ ఊళ్లోనే పాఠాలు చెప్పారు. ఆయన వెనకేసుకొచ్చిన వాడుక భాషలో ఇన్ని లెక్కలున్నాయి.

శ్రోత: మా ఒడియా పక్కింటివాళ్లు ఏ అచ్చూ వదలరండి. జొగొన్నాథొ అని నిండా అంటారు.

మాస్టారు: హిందీవాళ్లు జగన్నాథ్ అని చివర కోసేస్తారు. అది మధ్యలో కాదు గనక వేరే లెక్కలెండి.

శ్రోత: అయితే గుంటడిది తప్పు కాదా?

మాస్టారు: వినకుండా ఎలా చెప్పను? మీరు తాళం ఆపొద్దు, వాడి కోసం జరపొద్దు. నాలుగు ఆవర్తాలు, అంటే తాళం నాలుగు చుట్లు తిరిగాక, సమం దగ్గర, అంటే చుట్టు మొదటి దెబ్బ దగ్గర, మీ తాళం, వాడి దెబ్బ కలిస్తే తప్పించాడు. కలవకపోతే తప్పాడు. అందరూ పాడేటప్పుడు మాత్రం అస్తమానూ ఎదురుదెబ్బలు వద్దనండి. పాడేవాళ్లు హడలిపోతారు. చరణానికీ చరణానికీ మధ్య వాయించుకోమనండి.

శ్రోత: శనివారం భజన ఉందండి. ఈలోగా తాళాలు అత్తగారి చేతికిచ్చి చూస్తాను. ఆవిడ చెయ్యి నాలాగ జారదు.