గెడ్డకు మందు మడి గట్టు దగ్గరే

అయ్యలారా, అమ్మలారా,

పర్లాకిమిడి చుట్టుపక్కల గెడ్డల్లో, అంటే చిన్న వాగుల్లో, గుర్రపుడెక్క తీయించమని అందరూ అడుగుతారు. తీయించండి. కానీ తీసింది గట్టునే కుప్ప పోస్తే కుళ్లి, వానకు ఆ సారం మళ్లీ గెడ్డలోకే దిగుతుంది. ఆ సారంలోని ఒక గ్రాము భాస్వరం చాలు, సుమారు 100 గ్రాముల ఎండు నాచుకు సరిపడా మేత. రాత్రిపూట నాచు కూడా నీటిలోని ప్రాణవాయువు వాడుకుంటుంది. అందుకే చేపలు తెల్లవారుజామున తేలతాయి. ఎవరో విషం కలిపారని కొట్లాడుకునే ముందు ఏ వేళకు చచ్చాయో చూడండి.

ఇక మడి సంగతి. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని దాదాపు 20.7 కిలోలు. నిండు నీళ్లలో చల్లితే కొంత గాలికి పోతుంది, కొంత గండి దారి పడుతుంది. మడి నుంచి మడికి నీళ్లు దిగే చోట పైవాడి యూరియా కిందివాడికి కూడా దక్కదు, గెడ్డకు దక్కుతుంది. అందుకని చల్లే ముందే నీళ్లు తీసేసి, బురద పదునులో చల్లండి. రెండు రోజులాగి పలచగా నీరు పెట్టి, వారం దాకా గండి తెరవకండి. మబ్బు పట్టి ఉంటే ఆ రోజు బస్తా విప్పొద్దు.

గండి మూశాం కదా అంటారు. గట్టు వెంట వంగి చూడండి, పీతల కన్నాలుంటాయి. వేలు దూరేంత కన్నమున్నా మడి దిగిపోతుంది. బురద ముద్దను లోపలివైపు నుంచి పెట్టి మడమతో తొక్కాలి. బయట అతికిస్తే నీటి ఒత్తిడికి ఊడొస్తుంది.

భాస్వరం తీరు వేరు. అది మట్టిని పట్టుకుని బురద నీటితో పోతుంది. భాస్వరం ఎరువైన డీఏపీ అంతా ఆఖరి దమ్ములోనే, అంటే నాటే ముందు మడిని బురదగా దున్నేటప్పుడే వేయాలి, నాటాక పైపాటుగా వేస్తే డబ్బు దండగ. దమ్ము నీరు ఒక రోజు తేరుకునేదాకా వదలకండి. గెడ్డ వారన 3 మీటర్ల గడ్డి పట్టీ ఉంచండి. కోసిన గడ్డి పశువులకు వేయాలి, అక్కడే వదిలేస్తే పట్టిన సారం తిరిగి నీటికే. గత్తం (పశువుల ఎరువు) కుప్ప కూడా గెడ్డకు దూరంగా ఉండాలి.

ఇవన్నీ చేసినా మరుసటి ఏడే నీరు తేటపడదు. అడుగు బురదలో చేరిన పాత భాస్వరం ఏళ్ల తరబడి ఊరుతూనే ఉంటుంది. వేసవిలో గెడ్డ ఆరినచోట ఆ నల్ల ఒండ్రు తీసి పొలానికి తోలుకోండి. పట్నం మురుగు కలిసే చోటిది మాత్రం కూరగాయల మడికి వద్దు.